వెయ్యినూట పదహార్లు, యొరొషికు

మూడేళ్ల కిందట ఒక సోమవారం ఉదయం, చెన్నై దగ్గర ఒరగడంలోని మా ఫ్యాక్టరీలో ఈ కథ మొదలైంది. నగోయా నుంచి కొత్తగా వచ్చిన సలహాదారు గారికి ఆ రోజు ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఆయనకు జపనీస్ తప్ప మరో భాష రాదు. ఐటీ కుర్రాడిది విల్లుపురం, తమిళం, కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఇద్దరి మధ్యా నేను. నా ఉద్యోగమే అది, జపనీస్ ఇంటర్‌ప్రెటర్‌ని. ఒకప్పుడు ఇదే మద్రాసులో మన తెలుగువాళ్లు చాలామంది దుబాసీలుగా చేసిన పని. ఆ మాట అంటే నాకు చాలా ఇష్టం.

"సారుక్కు పాస్‌వర్డ్ ఎన్న వైక్కణుం మేడమ్?" అని, సార్‌కు ఏ పాస్‌వర్డ్ పెట్టాలని, కుర్రాడు అడిగాడు. నేను జపనీస్‌లో చెప్పాను. పెద్దాయన నవ్వుతూ "యొరొషికు" అన్నారు. ఆ మాట మేం రోజుకు యాభైసార్లు వింటాం. కొత్తగా పరిచయమైనప్పుడు, పని అప్పగించినప్పుడు, మెయిల్ చివర, జపాన్‌వాళ్లు దాన్ని వాడని చోటు ఉండదు. 'ఇక మీదే భారం', 'కాస్త చూసుకోండి' అన్నట్టుగా ఉంటుంది. అందుకని నేను కుర్రాడితో, "నీకే వదిలేశారు, ఏదో ఒకటి నువ్వే పెట్టేయ్" అని చెప్పాను. పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపి, కాగితం తీసుకుని దాని మీద నాలుగు అంకెలు రాశారు. 4649. తర్వాత ఒక్కో అంకె కింద వేలు పెట్టి చదివారు: యొ, రొ, షి, కు.

ఆయన నిరుడు నగోయా వెళ్లిపోయారు. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో మారిపోయింది. ఈ సంగతి రాయడానికి ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు కాబట్టే రాస్తున్నాను.

జపనీస్‌లో ప్రతి అంకెకూ రెండు మూడు పలుకులు ఉంటాయి. 4ని యొన్ అనొచ్చు, యొ అనొచ్చు, షి అనొచ్చు. 9ని క్యూ అనొచ్చు, కు అనొచ్చు. ఈ ముక్కల్ని అతికించి మాటలు కడతారు. దాన్ని గొరొఅవాసె అంటారు. 39 అంటే సాన్‌క్యూ, అంటే థాంక్యూ. 2525 అంటే నికొనికొ, చిరునవ్వు. 1122 అంటే ఈ ఫూఫు, అంటే చక్కని జంట, అందుకే నవంబర్ 22న దంపతుల రోజు జరుపుకుంటారు. ఇతో అనే ఊళ్లో ఒక పాత హోటల్ ఉంది, దాని ఫోన్ నంబర్ చివర 4126. యొయ్ ఫురొ, మంచి స్నానం అని అర్థం. వేడినీటి బుగ్గల ఊరికి అంతకంటే ఏం కావాలి! 1990ల మొదట్లో పేజర్లకు అంకెలు మాత్రమే వెళ్లేవి కాబట్టి స్కూలు పిల్లలు 0840 అని పంపితే ఒహాయో, శుభోదయం. 14106 అని పంపితే ఐషితెరు, ప్రేమిస్తున్నాను. పెద్దాయన తన భార్యకు పెళ్లికి ముందు ఆ అంకెలు పంపారట. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి మీరు.

అంత ముద్దుగా ఉన్న సంగతిలో ప్రమాదం ఏముందని అప్పుడు నాకు తట్టలేదు. ఐటీ కుర్రాడికి తట్టింది. 4649 అని తను కొట్టి చూసి, ఆ నంబర్ జపాన్‌లో అందరికీ తెలుసా అని నన్ను అడిగాడు. తెలుసని పెద్దాయన గర్వంగా చెప్పారు. కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. "అప్పడీన్నా అందరికీ తెలిసిన తాళంచెవి కదా మేడమ్" అన్నాడు. నేను దాన్ని జపనీస్‌లోకి మార్చాను. మెత్తగా చెప్పాల్సినదాన్ని మెత్తగా చెప్పడం కూడా మా పనే.

ఆ తర్వాత నేను జపాన్‌వాళ్ల పాస్‌వర్డ్‌ల గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడో బయటపడ్డ పాస్‌వర్డ్‌లను పోగేసి, అందులో ఎక్కువమంది వాడినవేవో సెక్యూరిటీ కంపెనీలు జాబితాలు వేస్తుంటాయి. జపాన్ జాబితాల్లోనూ ముందు ఉండేవి లోకమంతా వాడే 123456, పాస్‌వర్డ్ అనే మాటే. కానీ కాస్త కిందికి వెళ్తే ఆ దేశం కనిపిస్తుంది. సాకురా, అంటే చెర్రీ పువ్వు ఉంటుంది, డోరేమాన్ ఉంటుంది. ఇంకొకటి ఉంటుంది, చూడగానే చాలా గట్టిదనిపిస్తుంది: ఒకటి, క్యూ, ఏ, జెడ్, రెండు, డబ్ల్యూ, ఎస్, ఎక్స్. కీబోర్డు దగ్గర కూర్చుని ఎడమచేతి పక్క పైనుంచి కిందికి ఒక వరస, మళ్లీ పక్క వరస కొట్టి చూడండి. అక్షరాలూ అంకెలూ కలిసి ఉన్నాయి, ఏ భాషలోనూ లేని మాట. కానీ వేలు జారే దారి అందరికీ ఒకటే కదా. ఆ దారినే లక్షలమంది నడిచారు.

మన జాబితాలూ అంతే. భారతదేశం జాబితాల్లో ఇండియా@123, పాస్@123 లాంటివి కనిపిస్తాయి. తెలుగు ఇళ్ల సంగతి చెప్పడానికి నాకు ఏ జాబితా అక్కర్లేదు. మా చుట్టాల్లో పదిమందికి ఫోన్లు సరిచేసి ఇచ్చినదాన్ని. సాయిరాం, బాలాజీ, బంగారం, పిల్లల ముద్దుపేరు పక్కన 123, బండి నంబర్, పెళ్లయిన సంవత్సరం. వీటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం, జపాన్‌వాళ్లు సాకురా కొట్టినట్టే. మన భాష మాట, ఎక్కడో కూర్చున్న దొంగకు ఏం తెలుస్తుందిలే అని ధీమా. మా చిన్నాన్న ఈ మాట నాతో ఎన్నిసార్లన్నారో.

దొంగకు తెలుగు రానక్కర్లేదు. ఇది నేను అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వాళ్లు నిఘంటువు ముందేసుకుని మాటలు వెతకరు. అంతకుముందు బయటపడ్డ పాస్‌వర్డ్‌లనే నిఘంటువుగా వాడతారు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ ముసుగూ లేకుండా, ఉన్నవి ఉన్నట్టు బయటపడ్డాయి. అప్పట్నుంచి అలాంటివి ఎన్నో వచ్చి కలిశాయి. అందులో బంగారం అనే మాటను ఏ తెలుగువాడో ఒక్కసారి పెట్టి ఉంటే చాలు, అది ఆ పోగులో చేరిపోయినట్టే. దాని అర్థం పువ్వా, పసిడా, దేవుడా అన్నది కంప్యూటర్‌కు అనవసరం. చివర 123 చేర్చడం, మొదటి అక్షరం పెద్దది చేయడం, ఏ బదులు @ పెట్టడం, ఇవన్నీ దానికి ముందే నేర్పి ఉంచుతారు.

మంచి సంస్థలు పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టు దాచవు. పిండి పట్టి దాస్తాయి. బియ్యాన్ని పిండి చేయగలం గానీ పిండి నుంచి గింజలు తేలేం కదా, అలాంటి లెక్క అది, హ్యాష్ అంటారు. దొంగ పిండి ఎత్తుకెళ్తే ఏం చేస్తాడంటే, తన దగ్గరున్న గింజలన్నీ ఒక్కొక్కటే పట్టి, ఏ పిండి దీనికి సరిపోతుందా అని చూస్తాడు. అందరూ వాడే గింజ అయితే మొదటి వాయిలోనే దొరుకుతుంది. అందుకని సంస్థలు ఒక్కొక్కరి పిండిలో ఒక్కో రకం ఉప్పు కలుపుతాయి, వాళ్ల భాషలోనూ దాని పేరు ఉప్పే, సాల్ట్. అప్పుడు ఒకేసారి అందరివీ పోల్చడం కుదరదు. కానీ ఎవరి ఉప్పు ఏదో పిండితోపాటే దొంగకు దొరుకుతుంది. గింజ మరీ తేలికైనదైతే ఆ ఉప్పు కలిపి పట్టి చూడటానికి ఎంతసేపు?

ఇదంతా చదివి, తెలుసుకుని, నలుగురికీ చెప్పే దశకు వచ్చాక కూడా నేను ఒకరి ఫోన్ చూడటం మర్చిపోయాను. అమ్మది.

మాది నెల్లూరు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చేసింది, వలసరవాక్కంలో మా ఇంటి హాల్లోనే చుట్టుపక్కల పిల్లలకు సంగీతం చెబుతుంది. తమిళ పిల్లలు, తెలుగు పిల్లలు కలిపి పదకొండుమంది. అమ్మకు పదిహేడేళ్ల వయసులో నెల్లూరులో శ్రీరామనవమి పందిట్లో మొదటి కచేరీ. ఆ రోజు ఊరిపెద్దలు తాంబూలంలో పెట్టి ఇచ్చిన సంభావన వెయ్యినూట పదహార్లు. ఆ డబ్బుతో కొన్న వెండి కుంకుమభరిణె ఇప్పటికీ మా పూజగదిలో ఉంది. ఫోన్ కొనిచ్చిన రోజు లాక్ నంబర్ ఏం పెట్టమంటావమ్మా అంటే, ఆలోచించకుండా 1116 అంది. యూపీఐ పిన్ కూడా తనే పెట్టుకుంది. నేను పక్కకు తిరిగాను, చూడకూడదు కదా అని. అదీ 1116 అని నాకు తెలిసింది కిందటి ఆగస్టులో.

ఆ రోజు టీ.నగర్‌లో తంబూరా తీగలు కొనుక్కుని బస్సులో వస్తోంది. ఎక్కడిదాకా వచ్చావని నేను మెసేజ్ పెట్టాను, అమ్మ ఫోన్ తీసి చూసి జవాబిచ్చింది. మళ్లీ అడిగాను, మళ్లీ తీసింది. రద్దీగా ఉన్న బస్సు. వడపళని దాటాక సంచీలో ఫోన్ లేదు. ఇంటికి వచ్చి నాకు చెప్పేదాకా, సిమ్ ఆపించేదాకా, రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటల్లో నాలుగుసార్లుగా 38,400 రూపాయలు వెళ్లిపోయాయి.

సైబర్ నేరాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేశాం, ఫిర్యాదు నమోదైంది. మర్నాడు బ్యాంకుకు వెళ్తే అక్కడి ఆయన కటువుగా ఏమీ అనలేదు, ఉన్నమాటే అన్నారు: "సరైన పిన్ వేసే తీశారు కదమ్మా." అమ్మ ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది. రెండు రోజులు సరిగా తినలేదు. పిల్లలకు పాఠం లేదంది. మూడోరోజు రాత్రి నా పక్కన కూర్చుని, "నేనేం చెడ్డ నంబర్ పెట్టుకోలేదే, మంచి నంబరే కదే పెట్టుకుంది" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఎందుకంటే అది నిజం. తన జీవితంలో అంతకంటే మంచి నంబర్ లేదు.

ఈ విషయం తెలిసి పెద్దాయన నగోయా నుంచి వీడియోకాల్ చేశారు. ఓదార్చడానికి చేసినవారు ఒక కథ చెప్పారు. 2005 జనవరిలో జపాన్‌లో ఒక ముఠా పట్టుబడింది. గోల్ఫ్ ఆడటానికి వచ్చినవాళ్లు పర్సులు అక్కడి లాకర్లలో పెట్టి, నాలుగంకెల నంబర్‌తో మూసి వెళ్తారు. వాళ్లు ఆటలో ఉన్నప్పుడు ముఠావాళ్లు లాకర్ తెరిచి, బ్యాంకు కార్డు మీది అయస్కాంతపట్టీని నకలు తీసి, కార్డు మళ్లీ అక్కడే పెట్టేసేవాళ్లు. గోల్ఫ్ క్లబ్ మేనేజరే ఒకడు వాళ్లతో చేతులు కలిపాడు. మరి పిన్ ఎలా తెలిసింది? లాకర్‌కు పెట్టిన నాలుగంకెలే చాలామంది కార్డుకూ పెట్టుకున్నారు. డబ్బు పోయినవాళ్లలో కంపెనీల యజమానులు, డాక్టర్లు ఉన్నారు. కార్డు జేబులోనే ఉంది, ఖాతా మాత్రం ఖాళీ. ఆ గొడవల తర్వాతే అక్కడ నకిలీ కార్డులతో, దొంగిలించిన కార్డులతో డబ్బు పోతే బ్యాంకులు పరిహారం ఇవ్వాలనే చట్టం వచ్చి, 2006 ఫిబ్రవరి నుంచి అమలైంది.

"మీ అమ్మగారి ఫోన్ లాక్ ఆ లాకర్ లాంటిది" అన్నారు పెద్దాయన. "బస్సులో ఎవరో చూసింది లాక్ నంబర్ ఒక్కటే. మిగతాది వాడు ఊహించాడు." నేను అమ్మకు తెలుగులో చెప్పాను. లక్షల జీతాలొచ్చే డాక్టర్లు కూడా అదే పని చేశారని విని అమ్మ కొంచెం తేరుకుంది. ఆ రాత్రి పెరుగన్నం తింది.

ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడటానికి జపనీస్‌లో ఒక మంచి మాట ఉంది, చుకైమవాషి. చుట్టూ తిప్పి వాడటం అని. 2014లో అక్కడి రెండు కంప్యూటర్ భద్రతా సంస్థలు 'పాస్‌వర్డ్ చుకైమవాషి ఆపండి' అని ప్రచారమే మొదలుపెట్టాయి. అయినా 2019 జులై 1న సెవెన్‌పే అనే చెల్లింపుల యాప్ మొదలై, రెండు మూడు రోజుల్లోనే జనం డబ్బు పోవడం మొదలైంది. వేరేచోట్ల బయటపడ్డ ఐడీలూ పాస్‌వర్డ్‌లూ తెచ్చి వరసగా కొట్టి చూశారన్నది కంపెనీ తేల్చిన ప్రధాన కారణం. యాప్‌లోనూ లోపాలున్నాయి, పాస్‌వర్డ్ తర్వాత మరోసారి సరిచూసే రెండో దశ తనిఖీ లేదు. ఆ రెండో దశ గురించి విలేకరులు అడిగితే సంస్థ అధ్యక్షుడికే సరిగా తెలియలేదు. 808 మందికి 3 కోట్ల 86 లక్షల యెన్‌ల నష్టం. సెప్టెంబర్ 30తో సేవే మూసేశారు. విచిత్రంగా, జపాన్‌లో ఆఖరి పేజర్ సేవ ఆగిందీ అదే రోజు. 14106 పంపుకున్న తరానికి ఒకే రాత్రి రెండు తలుపులు మూసుకున్నాయి.

ఇక అమ్మకు కొత్త నంబర్ పెట్టాలి. నేను ఏదో ఒక అర్థంలేని నంబర్ చెబుతాను, అమ్మ మర్చిపోతుంది. కాగితం మీద రాసి ఫోన్ కవర్‌లో పెట్టుకుంటానంటుంది. ఇలా వారం గడిచింది. నాకు కోపం వచ్చి ఒకటి రెండు మాటలన్నాను, తర్వాత చాలా బాధపడ్డాను. అరవై నాలుగేళ్ల మనిషి మనసు అర్థంలేని అంకెల్ని పట్టుకోకపోతే అది తప్పెలా అవుతుంది?

దారి చూపించింది అమ్మ దగ్గర చదువుకునే తొమ్మిదేళ్ల పిల్ల. ఒక సాయంత్రం నేను ఆఫీసు బస్సు దిగి ఇంట్లోకి వచ్చేసరికి ఆ పిల్ల మేళకర్తల పాఠం, అంటే మూల రాగాల పేర్లూ వాటి వరస సంఖ్యలూ, అప్పజెబుతోంది. మాయామాళవగౌళ పదిహేను, హరికాంభోజి ఇరవై ఎనిమిది, ధీరశంకరాభరణం ఇరవై తొమ్మిది, మేచకల్యాణి అరవై ఐదు. నేను చిన్నప్పుడు సగంలో వదిలేసిన పాఠం. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇది గొరొఅవాసె కదా! మన ఇంట్లో, మన హాల్లో, రోజూ సాయంత్రం ఐదింటికి జరుగుతున్న గొరొఅవాసె.

అక్షరాలతో అంకెలు చెప్పే ఈ పాత పద్ధతి పేరు కటపయాది, అది తెలియనివారి కోసం రెండు మాటలు. క నుంచి ఝ దాకా ఒకటి నుంచి తొమ్మిది, ఞ సున్న. ట నుంచి ధ దాకా మళ్లీ ఒకటి నుంచి తొమ్మిది, న సున్న. ప నుంచి మ దాకా ఒకటి నుంచి ఐదు. య నుంచి హ దాకా ఒకటి నుంచి ఎనిమిది. గుణింతం ఏదైనా లెక్కలోకి రాదు. అంకెలు మాత్రం కుడి నుంచి ఎడమకు చదవాలి, 'అంకానాం వామతో గతిః' అన్నారు. మేచ అంటే మ ఐదు, చ ఆరు, తిప్పితే 65. ధీర అంటే ధ తొమ్మిది, ర రెండు, తిప్పితే 29. రాగం పేరులోనే దాని వరస సంఖ్య ఉంటుంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన పెద్దలు కటపయాదిని ఎందుకు కట్టారు? కేరళ జ్యోతిష్కులు గ్రహగణితంలోని పెద్దపెద్ద సంఖ్యలను, మాధవుడి జ్యాపట్టికను, అంటే సైన్ విలువల పట్టికను, శ్లోకాల్లో ఇమిడ్చి కంఠస్థం చేశారు. అక్కడ సంఖ్య ముందు పుట్టింది. దాన్ని ఎవరూ ఎంచుకోలేదు, ఆకాశం ఇచ్చింది. మాట తర్వాత వచ్చింది, గుర్తుపెట్టుకోవడానికి. జపాన్ పిల్లలూ అంతే, మూడుకు వర్గమూలం 1.7320508ని 'హితొనమిని ఒగొరెయ' అని నేర్చుకుంటారు, నలుగురిలాగా నువ్వూ ఓ విందు ఇవ్వవోయ్ అని. ఆ సంఖ్య వాళ్ల ఇష్టం కాదు, ఉన్న సంఖ్యకు మాట తొడిగారు.

పాస్‌వర్డ్ దగ్గర మనం దీన్ని తలకిందులు చేస్తున్నాం. ముందు ఇష్టమైన మాట, దాని నుంచి అంకెలు. యొరొషికు ముందు, 4649 తర్వాత. సంభావన ముందు, 1116 తర్వాత. ఇష్టం నుంచి అంకెలు తీస్తే ఆ ఇష్టం తెలిసినవాళ్లకు అంకెలూ తెలుస్తాయి. అంకెలు మన ఇష్టంతో పనిలేకుండా చీటీల్లోంచి వస్తే, తర్వాత ఎంత ఇష్టంగా మాట కట్టుకున్నా పర్వాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. సున్న నుంచి తొమ్మిది దాకా పది చీటీలు రాసి స్టీలు గిన్నెలో వేశాను. ఒకటి తీయడం, రాసుకోవడం, మళ్లీ గిన్నెలో వేసి కలపడం. మళ్లీ వేయకపోతే ఒక అంకె రెండుసార్లు రాదు, అది తప్పు. మొదటి నంబర్ రాగానే అమ్మ, "ఇదేం బాలేదే, ఇంకోటి తీస్తా" అంది. అక్కడే ఆపాను. బాగుంది, బాలేదు అని మనం ఏరడం మొదలుపెట్టగానే మళ్లీ మన మనసే ఎంచుకున్నట్టవుతుంది. అమ్మకు ఆ మాట వెంటనే అందింది. "అంటే దేవుడు వేసిన తాళం, నేను పాడుకోవడమే" అంది.

అమ్మ నంబర్ ఇక్కడ రాయను. ఉదాహరణకు 8490 వచ్చిందనుకోండి. 84 రావాలంటే ముందు నాలుగు, తర్వాత ఎనిమిది: భ, జ. భజ. 90 రావాలంటే ముందు సున్న, తర్వాత తొమ్మిది: న, ధ. నిధి. భజ, నిధి. అమ్మ ఇలాంటివి నిమిషానికి మూడు కట్టేస్తుంది. 97 అంటే సాధు. 65 అంటే వేరే మాట ఎందుకు, మేచకల్యాణి మొదలుపెట్టేస్తుంది. ఫోన్ లాక్‌కు ఆరంకెలు, యూపీఐకి వేరే ఆరంకెలు, ఏటీఎంకు ఇంకో నాలుగు. మూడూ వేరు వేరు. వారంరోజులు రోజుకోసారి అడిగాను, నంబర్ చెప్పమని కాదు, గుర్తుందా అని. ఉందని తలూపింది.

నాలుగంకెలంటే పదివేల నంబర్లే కదా, దొంగ అన్నీ కొట్టి చూడడా అని మా చిన్నాన్న అడిగారు. మంచి ప్రశ్న. బ్యాంకు పిన్‌ను మూడుసార్లు తప్పు కొడితే సాధారణంగా ఆపేస్తారు. అందుకే దొంగ మూడే మూడు నంబర్లు ఎంచుకుంటాడు: 1234, పుట్టిన సంవత్సరం, ఇంకోటి. చీటీల్లో వచ్చిన నంబర్ అయితే వాడికి పదివేలలో మూడు అవకాశాలు. అందరికీ ఇష్టమైన నంబర్ అయితే ఆ లెక్కే వేరు.

మెయిల్‌కు, ఆఫీసు పనికి అంకెలు చాలవు. వాటికి ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 1995లో పెట్టిన పద్ధతి నాకు నచ్చింది, డైస్‌వేర్. ఐదు పాచికలు వేస్తే వచ్చే 7,776 వరసలకు 7,776 మాటల పట్టిక. వేసిన ప్రతిసారీ ఒక మాట. నాలుగు మాటలకే 3,600 లక్షల కోట్లకు పైగా రకాలు వస్తాయి, ఇప్పుడు ఆరు మాటలు తీసుకోమంటున్నారు. నేను నా ముఖ్యమైన పాస్‌వర్డ్ ఒక్కటి అలా చేసుకుని, మిగతావన్నీ పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే యాప్‌కు, అంటే పాస్‌వర్డ్ మేనేజర్‌కు వదిలేశాను. మేనేజర్ వాడలేని పెద్దవాళ్లు ఒక నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. రాయకూడదని భయపెట్టి, అన్నిచోట్లా ఒకటే పెట్టుకునేలా చేయడం కంటే అది చాలా నయం. ఎక్కడో దూరాన కంప్యూటర్ ముందు కూర్చున్న దొంగ మన బీరువా తెరవలేడు.

మా ఫ్యాక్టరీలో తొంభై రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే నియమం ఉండేది. ఏమయ్యేదంటే, సాకురా01 కాస్తా సాకురా02 అయ్యేది. కీబోర్డుల కింద పసుపు చీటీలు. అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ నియమం వద్దంది. 2003లో దాని పాత మార్గదర్శకాలు రాసిన బిల్ బర్, తాను రాసిన వాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని అదే ఏడాది చెప్పారు. 2018లో జపాన్ ప్రభుత్వం కూడా, పాస్‌వర్డ్ బయటపడిందని తెలిస్తే తప్ప ఊరికే మార్చొద్దని తన సలహా మార్చుకుంది. ఆ జపనీస్ పేజీని నేను ఇంగ్లీషులోకి మార్చి ఐటీ మేనేజర్‌కు ఇచ్చాను. ఎనిమిది నెలలు పట్టింది, కానీ ఈ ఏప్రిల్ నుంచి ఆ నియమం పోయింది. ఈ ఉద్యోగంలో నేను చేసిన అనువాదాలన్నిటిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది అదే.

పాస్‌కీలు వస్తున్నాయి, వేలిముద్రతోనే తలుపు తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్‌లే ఉండవంటున్నారు. రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అమ్మ ఫోన్‌లో కుదిరినచోట్లల్లా పెట్టాను కూడా. కానీ అమ్మ యూపీఐ పిన్ ఇంకా అంకెలే.

పోయిన డబ్బు ఇంకా రాలేదు. రెండో లావాదేవీ వెళ్లిన ఖాతాలో కొంత ఆపగలిగామని చెప్పారు, ఎదురుచూస్తున్నాం. పెద్దాయనకు కటపయాది గురించి పెద్ద మెయిల్ రాశాను. తన కార్డు నంబర్ కూడా చీటీలు వేసి మార్చుకున్నానని, దానికి తన భార్య గొరొఅవాసె కట్టి ఇచ్చిందని జవాబిచ్చారు. ఆ మాటేదో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫోన్ పోయాక మూడు నెలలు అమ్మ నోట్లు, చిల్లరే ఇచ్చింది, ఫోన్‌తో కట్టడమంటేనే టెన్షన్. కిందటి శుక్రవారం మా వీధి చివర పూలకొట్టు దగ్గర ఇద్దరం ఆగాం. రెండు మూరల కనకాంబరం, నలభై రూపాయలు. నేను ఫోన్ తీసేలోగా అమ్మ తనది తీసింది. స్కాన్ చేసింది. చీర కొంగు ముందుకు లాగి, ఫోన్ మీద గొడుగులా పట్టుకుని, తల వంచింది. పెదాలు గట్టిగా మూసుకుంది, వేలు మాత్రం ఆరుసార్లు కదిలింది. కొట్లోని సౌండ్ బాక్స్ తమిళంలో నలభై రూపాయలు వచ్చాయని చెప్పింది. అమ్మ కొంగు సర్దుకుని, పూలు తీసుకుని, నా జడలో ఒక మూర పెట్టింది.